ఆదిమూలం చేంతాడు

తిరుపతి కొర్లగుంటలో మూడో అంతస్తు బాడుగింట్లో ఉండే నిర్మలమ్మకు ఒకటే ఆశ, నీళ్లున్న సొంతిల్లు. పదకొండేళ్లుగా ట్యాంకరు దగ్గర బిందె నింపుకుని మెట్లెక్కీ ఎక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. కొనేది ఒక్కసారే. అది తప్పితే బతికినంతకాలం మళ్లీ ఆ ట్యాంకరే గతి.

కార్తీకమాసంలో బ్రోకరు ఆదిమూలం ఒక మిద్దె చూపించాడు. పెరట్లో బావి, వంగి చెంబుతో ముంచుకునేంత నీళ్లు. ఇదే ఖాయం చేసుకుందామని ఆమె అనేసింది. ఆదిమూలం తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడొద్దక్కా. సిత్తిరి ఎండల్లో మళ్లీ సూసి సెప్పు."

"ఇల్లు అమ్మేవోడివా, సెడగొట్టేవోడివాబ్బా నువ్వు?" ఆమె భర్త పరంధామయ్య విసుక్కున్నాడు.

"వానలు పడినాక యా బావైనా నిండే ఉంటాదన్నా. ఎండల్లో ఉంటాయో లేదో నాకు తెలీదు. తెలీంది తెలుసని యెట్ట సెప్పేది?"

దారంతా పరంధామయ్య వేరే బ్రోకర్ని చూద్దామని గొణుగుతూనే ఉన్నాడు. ఆమెకూ కోపమే. కానీ అమ్మేవాడి నోట 'తెలీదు' అనే మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అందుకే ఆగింది.

ఏప్రిల్ చివర్లో ఆదిమూలం భుజాన చేంతాడు చుట్ట వేసుకుని, మోపెడు మీద వచ్చాడు. మొదట ఆ మిద్దెకే తీసుకెళ్లి చేద ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె బావిలోకి వదిలితే తాడంతా అయిపోయింది. అడుగున ఠంగుమని రాయి మోగింది. కార్తీకంలోనే కొనేసుంటే మళ్లీ ఆ ట్యాంకరే అనుకుంది నిర్మలమ్మ.

కరకంబాడి దారిలో రెండో ఇల్లు. తాళం తీయకముందే ఆదిమూలం మొదలుపెట్టాడు.

"ఇనక్కా. వంటింట్లో పొగ పోదు. పడమటి గోడ నెర్రె ఇచ్చుండాది. లారీ పోతే కిటికీలు అదరతాయి. బస్సుకు పావుగంట, నేనే నడిసి సూసినా."

"ఇంగ దయ్యం గూడా ఉండాదని సెప్పు!" అన్నాడు పరంధామయ్య.

"పక్కింటామెను అడిగినాన్నా. లేదంట."

నిర్మలమ్మ నవ్వలేదు. "మరి బావి?"

"అది నా నోటితో సెప్పను. నువ్వే సేద ఎయ్."

ఆమె తాడు వదిలింది. పది బారలు దిగింది. పన్నెండు. ఎక్కడో పాతాళంలో బుడుంగుమని ఒక మెత్తటి చప్పుడు. తాడు బరువెక్కింది.

గట్టు మీద వాలి చూసింది. కింద చీకట్లో రూపాయంత ఆకాశం, అందులో కదులుతున్న తన తల. కాకులు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్న ఈ మండే నేల కింద, ఇంత లోతున, ఎవరికీ చెప్పకుండా నీళ్లు మేలుకుని ఉన్నాయా! చేదిన నీళ్లు కళ్లకద్దుకుంది. మంచులా ఉన్నాయి.

ఆదిమూలం వైపు తిరిగింది. ఈ మనిషి ఆర్నెల్లు ఆగమన్నది ఈ ఒక్క చప్పుడు కోసమా?

"ఇంగా ఏమన్నా లోపం ఉండాదాబ్బా?" అని అడిగింది.

"ఉండాదక్కా. గిలక కీసుమంటాది."

"మెట్లెక్కే పని లేదు గదా," అంది ఆమె. అని, ఆ చప్పుడు మళ్లీ వినడానికి చేద మరోసారి బావిలోకి వదిలింది.