సంతకం పెట్టనన్న నైజాం

ఆంజనేయప్రసాద్ గారు కడప కాలేజీలో ముప్పై ఎనిమిదేళ్లు చరిత్ర చెప్పారు. అందులో ఆయనకు ప్రాణంతో సమానమైన పాఠం ఒక్కటే. మొగలు సామ్రాజ్యం చివికిపోయాక దాని ముక్కల కోసం దక్కనులో జరిగిన కొట్లాటలు. ఆయన ఎంత ఊగిపోతూ చెప్పినా, గంట కొట్టగానే పిల్లలు బంతి భోజనం ముగిసినట్టు లేచి వెళ్లిపోయేవారు. "తర్వాత ఏమైంది సార్" అని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. రిటైరై కెనడాలోని స్కార్‌బరోలో కూతురు రూప ఇంటికి చేరినా ఆ ముల్లు ఆయన మనసులోంచి ఊడలేదు.

అందుకే నాటకం రాశారు. పాఠం వినని వాళ్లు నాటకమైతే చూస్తారని ఆయన ధీమా. జుట్టు పోయింది, పళ్లు పోయాయి గాని మహానుభావుడికి ధీమా మాత్రం చెక్కుచెదరలేదు. దానికి 'మొగలు సామ్రాజ్య పతనానంతర దక్కను ప్రాంతీయ యుద్ధములు: ఒక సమగ్ర పరిశీలన' అని పేరు పెట్టారు.

"ఇది నాటకం పేరా, నిద్రమాత్ర పేరా?" అంది భార్య శాంత.

పక్కనే ఉన్న మార్కమ్ తెలుగు సంఘం అధ్యక్షుడు హేమచంద్ర ఉగాది సంబరాల్లో అరగంట ఇచ్చాడు, ఒక షరతు మీద. మూడు గంటలకు హాల్లో వందమంది ఉండాలి. లేకపోతే ఆ అరగంట డాన్సు పిల్లలది. ఇంకో షరతు కూడా, అరగంట కాగానే బెల్లు కొడతారు. "మళ్లీ ఏడాది చూద్దాంలెండి అంకుల్" అన్నాడు నవ్వుతూ. పోయిన ఏడాది ఒక హరికథ పెద్దాయనతోనూ ఇదే మాట అన్నాడు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

రిహార్సల్స్ రూప వాళ్ల బేస్‌మెంట్‌లో మొదలయ్యాయి. నైజాం నవాబు వేషం కరీంనగర్ వీరభద్రానిది, మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంగ్లీషు దొర వేషం బందరు ఎలియాజరుది, సిటీ బస్సు నడుపుతాడు. కథ చిన్నదే. నవాబు మొదట బందరు వైపు సర్కారు జిల్లాలు దొర చేతిలో పెడతాడు. తర్వాత దొర పంపిన సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి వైపు కూడా రాసిచ్చేస్తాడు. సంతకంతో తెర పడుతుంది. సంతకం దగ్గరే చిక్కొచ్చింది.

"నేనెందుకియ్యాలె సార్? జనం మా నైజామోళ్లను నవ్వరా?" అన్నాడు వీరభద్రం.

"ఇచ్చింది నువ్వు కాదు నాయనా, నవాబు."

"వేషం నాదే గద సార్."

"అసలు మా బందరుని మేమే ఇంగ్లీషోడి తరఫున పుచ్చుకోవడమేంటండీ?" అన్నాడు ఎలియాజరు. "చర్చిలో మా వాళ్లకి మొహం ఎలా చూపించనండీ?"

"మీరిద్దరూ ఇచ్చుకుంటాండారు, పుచ్చుకుంటాండారు. మధ్యలో మా కడపను ఎవరన్నా ఒక మాట అడిగినారా?" అన్నారు ప్రసాద్ గారు, తను మాస్టారినన్న సంగతి మరిచిపోయి. మొగలులు పోయి ఇన్నేళ్లైనా ఆ యుద్ధం మాత్రం బేస్‌మెంట్‌లో సజీవంగా ఉంది. పైనుంచి శాంత పకోడీలు పంపితే గాని సంధి కుదరలేదు.

ఇక జనాన్ని రప్పించే పని అల్లుడు జయదేవ్‌ది. అంత పొడుగు పేరు వాట్సాప్ బొమ్మలో పట్టదని దాన్ని కత్తిరించి, ఎర్ర అక్షరాల్లో ఇలా పెట్టాడు: 'నైజాం, సీడెడ్, ఆంధ్ర. హక్కులు ఎవరికి? శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు తేలిపోతుంది.' పాపం, అతనికి వేరే ఉద్దేశమేమీ లేదు. గుంటూరులో పుట్టి, ఏ సినిమా ఏ ఏరియాలో ఎంతకు అమ్ముడైందన్న కబుర్లు వింటూ పెరిగిన మనిషి. నైజాం, సీడెడ్ అనకుండా తెలుగు దేశపటం ఎలా చెప్పాలో అతనికి తెలియదు.

శనివారం రెండున్నరకే హాలు కిక్కిరిసింది. మూడు వందలమంది. కుర్రాళ్లు కాగితాలు చించి గుప్పిట్లో పట్టుకు కూర్చున్నారు. ఈలలు. తెర వెనక ప్రసాద్ గారి కళ్లు చెమర్చాయి.

"చూశావా శాంతా, చరిత్ర అంటే ఎంత ప్రేమో."

హేమచంద్ర పరుగున వచ్చాడు. "అంకుల్, ఏ హీరో వస్తున్నాడు? ముందు చెప్పొద్దా? సినిమా హక్కుల ఫంక్షన్ అంటున్నారంతా."

ప్రసాద్ గారికి అప్పటికి విషయం అర్థమైంది. వీరభద్రం తలపాగా విప్పబోయాడు. ఎలియాజరు తన భార్య చలికోటుతో చేసిన దొర కోటు గుండీలు ఊడదీస్తున్నాడు. "మళ్లీ ఏడాది చూద్దాం అంకుల్" అని హేమచంద్ర నోరు తెరిచేలోపల ప్రసాద్ గారు తెర తొలగించుకుని ముందుకొచ్చారు.

"నాయనా, హీరో ఎవరూ రాలేదు. వచ్చింది నేను. పోయేవాళ్లు పోవచ్చు." ఒక వరస లేచి నిలబడింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. "పోయే ముందు ఒక్క మాట. నైజాంలో ఎంత, సీడెడ్‌లో ఎంత అని రోజూ అంటాంటారే. సీడెడ్ అంటే ఏంది?"

"సినిమా ఏరియా" అన్నాడెవడో.

"ఇచ్చేసిన నేల అని. పద్దెనిమిది వందల సంవత్సరంలో ఒకడు ఇచ్చేసినాడు. వాడెవడో చూస్తారా?"

లేచిన వరస నెమ్మదిగా కూర్చుంది. వందకు తగ్గలేదని హేమచంద్ర కళ్లతోనే లెక్కేసుకుని తప్పుకున్నాడు.

నాటకం పరుగెత్తింది. బందరు దొర చేతికి పోగానే కృష్ణా జిల్లా వాళ్లు గోల పెట్టారు. కాగితాలు ఎగిరాయి. ఇక కడప వంతు. దొర పత్రం చాచాడు. నవాబు కలం పట్టాడు. అంతలో వెనక వరసల్లోంచి "ఇయ్యకు భద్రన్నా" అని ఒక కేక. అంతే, వీరభద్రానికి పూనకం వచ్చింది. కలం కింద పెట్టాడు.

"ఇయ్య. ఏం చేస్కుంటవో చేస్కో."

హాలు దద్దరిల్లింది. రాయలసీమ వాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. దొర బిక్కమొహం వేసుకుని తెర వైపు చూశాడు. బెల్లుకు ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి. సంతకం పడకపోతే చరిత్ర తప్పు, పాఠం సగం. ప్రసాద్ గారు ఆగలేకపోయారు. మాసిన శాలువాతోనే వేదిక మీదకొచ్చి నవాబు గడ్డం పట్టుకున్నారు.

"ఇచ్చెయ్ నాయనా. మా కడప ఇచ్చెయ్. నీకు పుణ్యముంటాది."

"మీ ఊరు సార్ అది."

"నా ఊరే. నా కంటే నొప్పి ఎవరికుంటాది? అయినా జరిగింది జరిగినట్టే చెప్పాల. పెట్టు నాయనా."

వీరభద్రం ఆయన మొహం చూశాడు, కలం తీశాడు, సంతకం పెట్టాడు. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

ప్రసాద్ గారు అలవాటు కొద్దీ పంచె సర్దుకుని, కుర్చీల చప్పుడు కోసం తల వంచుకుని నిలబడ్డారు. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. చప్పుడు రాలేదు. హేమచంద్ర మళ్లీ బెల్లు కొట్టాడు. మూడో వరసలో, గుప్పిట్లో ఇంకా కాగితం ముక్కలున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, తర్వాత ఏమైంది?"

ఆయన తలెత్తి ఆ అమ్మాయి వైపు చూశారు. శాంత తెర వెనకనుంచి ఒక కుర్చీ తెచ్చి వేసింది.