పాస్‌పోర్టు వయసు

సంజీవమ్మ ఒక్క మధ్యాహ్నంలో పదేళ్లు పెరిగిన మనిషి. కడపలో ఏజెంటు కలం విదిలించేసరికి ఇరవై రెండేళ్ల పిల్ల ముప్పై రెండేళ్ల ఆడమనిషై లేచింది. ముప్పై నిండని ఆడవాళ్లకు ఇంటిపని వీసా రాదన్నాడు మరి. ఆ పాస్‌పోర్టుతోనే కువైట్‌లోని రుమైథియాలో ముప్పై మూడేళ్లు పాచిపని చేసింది. ఇప్పుడు ఒంటికి యాభై ఐదు, కాగితానికి అరవై ఐదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ కూడా కాగితాన్నే నమ్మి, ముసలిదానివయ్యావు, ఈ ఇఖామా గడువు తీరితే ఖలాస్, ఇంక ఊరికి పో అనేశాడు.

ఊళ్లో ఆమెకు ఎవరూ లేరు. అందుకే ఆ శుక్రవారం తోటి పనిమనిషి గౌసియా బీని వెంటబెట్టుకుని దజీజ్‌లో ఒక మేడమీది హాలుకు వెళ్లింది. కడప దగ్గర కడుతున్న వృద్ధాశ్రమంలో మంచాలు అమ్ముతున్నాడు అక్కడ నాగేంద్రప్రసాద్.

"రెండు తీర్లుండాయి పెద్దమ్మా. డిపాజిట్ కట్టి, నెలనెలా ఖర్చులిచ్చేది ఒకటి. పోయినాక డిపాజిట్‌లో సగం మీవాళ్లకిస్తాం. రెండోది ఒకేసారి కట్టేసేది. సచ్చేదాంక కూడు, మంచం, మందులు మావే. తిరిగిచ్చేది మాత్రం ఏమీ లేదు."

"నెలనెలా యాడ తెచ్చేది నాయనా? రెండోదే రాయి."

"అది వయసును బట్టి. అరవై ఐదుకైతే పదిహేను లక్షలు. యాభై ఐదుకైతే ఇరవై నాలుగు. ఎక్కువేండ్లు తింటారు గదా!"

సంజీవమ్మ దగ్గర సరిగ్గా పదిహేనే ఉన్నాయి. గౌసియా బీ మోచేత్తో పొడిచింది. "చూస్తివా అక్కా! ఆ ఏజెంటుకు కోడి కోసి పెట్టల్ల నువ్వు."

ఇద్దరూ నవ్వుతుంటే నాగేంద్రప్రసాద్ పాస్‌పోర్టు చూశాడు, మనిషిని చూశాడు, గొంతు తగ్గించాడు. "పండ్లన్నీ గట్టిగానే ఉండాయే! నేనేం అడగను. కానీ రాయించింది అబద్ధమని ఎప్పుడు తేలినా కట్టింది రాదు, మంచం కూడా ఖాళీ చేయల్ల."

సంజీవమ్మ నవ్వు ఆగిపోయింది. "నిజం రాయిస్తే?"

"దానికి కాగితముందా? ఉన్నా, ఇంకో తొమ్మిది లక్షలు."

ఆమె దగ్గర రెండూ లేవు. ఎవరికీ భయపడకుండా ఒళ్లు వాల్చే చోటు కొనుక్కుందామని వచ్చిన మనిషి, అరవై ఐదని రాసిన కాగితం మీదే సంతకం పెట్టింది.

"చేతికర్ర వాడతావా అని ఉంది ఈడ. ఏం రాయను?"

రెండు బియ్యం బస్తాల బరువుండే ముసలి యజమానురాలిని, మామాను, పొద్దునే పసిపిల్లలా ఎత్తి కూర్చోబెట్టి వచ్చింది సంజీవమ్మ.

"వాడతానని రాయి."

మెట్లు చకచకా దిగబోయి మూడో మెట్టు దగ్గర ఆగింది. గోడ పట్టుకుంది. నడుము వంచింది. కిందనుంచి ఎక్కేవాళ్లు, "పెద్దామెకు దారీండ్రా," అంటూ పక్కకు తప్పుకున్నారు.