సత్యమ్మకు పదకొండింటి ఫోను

సోమవారం, గురువారం పదకొండింటికి సత్యమ్మకు ఫోను వస్తుంది. సత్యమ్మ పోయి ఇరవై రోజులైంది. ఫోను మాత్రం నాకు వస్తుంది.

"సత్యమ్మ గారూ, రేపు డయాలసిస్‌కు మీకు చోటుంది. వచ్చేటట్లయితే ఒకటి నొక్కండి" అంటుంది లోపలి ఆడగొంతు. ఎంత మర్యాదో! బతికుండగా ఆ ముసలమ్మను ఆసుపత్రిలో ఒక్కరూ గారూ అని పిలిచిన పాపాన పోలేదు. "చచ్చిపోయింది తల్లీ, ఇగ పిలవకు!" అని నేను అరుస్తాను. అది ఇంకోసారి ఒకటి నొక్కమంటుంది.

నా పేరు జంగమ్మ, ఆశా కార్యకర్తను. శామీర్‌పేట పక్కన మా ఊళ్లో ఎవరిని నంబరు అడిగినా "జంగమ్మది రాసుకోండ్రి" అంటారు. ముసలివాళ్లకు ఫోనుతో పడదు, పిల్లలు నెలకో సిమ్ము మారుస్తారు. నా నంబరు పదేళ్లుగా ఒకటే. అది నాకు గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు? మేడ్చల్‌లోని ట్రస్టు ఆసుపత్రిలో మా ఊరి మల్లేశానికీ, సత్యమ్మకూ డయాలసిస్‌కు పేర్లు రాయించినప్పుడు ఇద్దరికీ నా నంబరే చెప్పాను.

అక్కడున్నవి నాలుగు మిషన్లు, కిడ్నీలు పాడైనవాళ్లు అరవై మంది. ఇదివరకు నర్సమ్మ పేర్లు రాసేది. బతిమాలితేనో, పోట్లాడితేనో వినేది. ఈమధ్యనే ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. ఎవరి జబ్బు ఎంత ముదిరింది, ఎవరు పిలిస్తే పలుకుతున్నారు అని లెక్కగట్టి అదే వంతులు వేస్తుంది.

పది గంటలకు మల్లేశం కోసం ఫోను వచ్చేది. నేను ఒకటి నొక్కేదాన్ని. మల్లేశం, సత్యమ్మ ఇద్దరూ ఒకే ఆటోలో పోయేవాళ్లు కాబట్టి ఒకరికి నొక్కితే ఇద్దరికీ నొక్కినట్టే అనుకున్నాను.

ఒకరోజు సత్యమ్మను బల్ల మీద కూర్చోబెట్టారు. పేరు లేదు, ఖాళీ అయితే పిలుస్తామన్నారు. మల్లేశం నాలుగు గంటలు మిషను మీదుండి బయటికొచ్చేదాకా కూర్చుని, అదే ఆటోలో తిరిగొచ్చింది. రెండు వారాలు అదే వరస. కాళ్లు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరాడేది కాదు. ఒంట్లో నీరు దిగే దారి లేదని రోజుకు రెండు చాయ్ గ్లాసుల నీళ్లే తాగనిచ్చాను.

"గొంతెండుతాంది పిల్లా, ఇంకో గుక్క తాగన్నా?" అంది చివరి రోజు.

"వద్దవ్వా" అన్నాను.

తెల్లారేసరికి లేదు. ఎటూ పోతుందని తెలిస్తే కడుపునిండా తాగనిచ్చేదాన్ని. ఆ ఒక్క గుక్క నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మొన్న సోమవారం జహేదా వచ్చింది. ఆమె మొగుడు ఫరీద్‌కూ అదే జబ్బు. "అక్కా, మా ఆయనకంటె పైన సత్యమ్మ పేరే ఉన్నదంట. ఆయన మొకమంత ఉబ్బింది, జెర జల్దీ రా" అని నా చెయ్యి పట్టుకుంది.

ఫరీద్‌ను తీసుకుని ముగ్గురం మేడ్చల్ పోయాం. కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల పేరు భవిత. మంచి పిల్లే. తెర నా వైపు తిప్పి చూపింది.

"మల్లేశంకు చేసిన నిమిషంలనే సత్యమ్మకు గూడ కాల్ పోయింది. నీ నంబర్ బిజీ. మూడుసార్లు గట్లనే అయింది. పిలిస్తే పలుకుతలేదని కిందికి నూకింది. ఇప్పుడు ఒక చోటు ఖాళీ అయింది, ఖాళీ అయితే పిలిచేటోళ్ల లిస్టుల నుంచి పదకొండింటికి చేస్తాంది. నువ్వు ఎత్తుతున్నవ్ గద, మంచిగ పలుకుతాందని ఆమె చోటు ఆపి పెడ్తాంది."

నా అరుపులన్నీ సత్యమ్మ పలుకులుగా రాసుకుందన్నమాట.

"తప్పెవరిది బిడ్డా?"

"నాదైతే కాదక్కా. సార్లను అడిగితే సిస్టం అంటరు. సిస్టం చేసినోళ్లు సార్లు చెప్పినట్టే చేసినమంటరు." గొంతు తగ్గించింది. "సచ్చిపోయిందని పెడితే ఎంక్వయిరీ అయితది. అది తేలేదాక ఆ చోటు ఎవ్వరికీ రాదు. వైద్యం తానే వద్దన్నదని పెడితే రేపే ఫరీద్ భాయ్‌కి వస్తది. సంతకం నువ్వు పెట్టాలె."

బల్ల మీద ఫరీద్ గోడకు తల ఆనించి నోటితో గాలి పీలుస్తున్నాడు. సత్యమ్మ కూర్చున్న బల్లే అది. నేను సంతకం పెట్టాను.

మర్నాడు ఫరీద్‌ను మిషను మీదికి ఎక్కించారు. గురువారం పదకొండింటికి ఫోను మోగలేదు. హమ్మయ్య అనుకునేలోపు మెసేజీ వచ్చింది. "సత్యమ్మ గారూ, మీ కోరిక మేరకు మీ పేరు తొలగించాము. త్వరగా కోలుకోండి."

చదివాక ఇంట్లో ఉండలేకపోయాను. సత్యమ్మ మనవరాలు అశ్రిత తుర్కపల్లి కంపెనీ క్యాబ్ కోసం వాకిట్లో నిలబడి ఉంది. ఫోను ఆ పిల్ల చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది.

"మా అవ్వ వద్దన్నదా అత్తా?"

"లేదు బిడ్డా. గది అబద్ధం. సంతకం నాది." మొత్తం చెప్పాను. పది గంటల ఫోను, బిజీ, ఫరీద్, ఆ నీళ్ల గుక్క, అన్నీ.

క్యాబ్ వచ్చి హారన్ కొట్టింది. ఆ పిల్ల కదల్లేదు. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. చివరికి కళ్లు తుడుచుకుని, "మరి అర్జీ ఎవలి మీద రాయాలె?" అంది.

"మొదలు నా పేరు రాయి. నన్ను పిలిచి అడిగితే తతిమ్మోళ్ల పేర్లు నేనే చెప్త."

క్యాబ్‌ను పంపేసి లోపలినుంచి తెల్లకాగితం తెచ్చింది. అవ్వ పేరు, ఊరు, పోయిన తారీఖు రాసింది. కింద నా పేరు రాసింది. తర్వాత అర్జీదారుగా తన పేరు రాసుకుని, "ఫోన్ నంబర్ నీదే ఎయ్యన్నా అత్తా?" అని అలవాటుగా అడిగింది.

పది అంకెలూ నాలుక చివరి దాకా వచ్చాయి.

"వద్దు బిడ్డా" అన్నాను. "నీది ఎయ్యి."