సమాయిల్ ఓడిన శుక్రవారాలు

రఘుపతిని సమాయిల్ సైట్‌కు మారుస్తున్నారన్న కబురు ఒమాన్‌లోని బర్కా క్యాంపులో అందరికంటే ముందు ఇస్తారికి తెలిసింది. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే రూమ్. ఇస్తారిది ఆర్మూర్ పక్క, టైల్స్ మేస్త్రి, యాభైకి దగ్గరపడ్డ మనిషి. రఘుపతిది మెట్‌పల్లి దగ్గర పల్లె, సెంట్రింగ్ పని. వయసులో చాలా తేడా ఉన్నా రూమ్‌లో చేరిన మొదటి వారం నుంచే ఒకరు అన్నా అనడం, మరొకరు తమ్మీ అనడం అలవాటైపోయింది.

రఘుపతి చదువుకున్న హాస్టల్ బడిలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. అక్కడ నేర్చుకున్న ఆట అతన్ని ఒమాన్‌లో కూడా వదల్లేదు. ఇక్కడి గ్యారేజీల్లో పనిచేసే ఫిలిపినోలు కలిసి ఒక లీగ్ నడుపుతున్నారు. చలికాలమంతా శుక్రవారం సాయంత్రాలు ఆరు ఊళ్ల జట్లు ఆడతాయి. బర్కా జట్టును చూసుకునేది బాబు మియా. బంగ్లాదేశ్ వాడు, క్యాంపు దగ్గర కిరాణా దుకాణం నడుపుతాడు. ఇస్తారి మొదట రఘుపతి నీళ్ల సీసాలు మోయడానికి తోడు వెళ్లాడు. బంతిని ఎప్పుడూ ముట్టుకోలేదు గాని, రెండో ఏడాదికి ఎవరు ఎటు నుంచి వేస్తే పడుతుందో, ఎవరికి ఎడమ చెయ్యి రాదో చెప్పగలిగే అభిమాని అయిపోయాడు. ఆట లేని శుక్రవారం అతనికి అన్నం కూడా సహించేది కాదు.

ఫిలిపినోలు అమెరికా లీగ్ నుంచి ఒక పద్ధతి తెచ్చారు. మధ్యలో వచ్చిన కొత్త ఆటగాళ్లు ఆ ఏడాది ఆడకూడదు. సీజన్ అయ్యాక జట్లు వంతులవారీగా వాళ్లను ఎంచుకుంటాయి. అన్నిటికన్నా కింద మిగిలిన జట్టుకు మొదటి వంతు. ఆ వంతును పిక్ అంటారు. కావాలంటే ఒక జట్టు తన పిక్‌ను ఇంకో జట్టుకు ఇచ్చి బదులుగా ఆటగాణ్ని తీసుకోవచ్చు.

రఘుపతి సమాయిల్ వెళ్లిపోతే ప్రతి శుక్రవారం బర్కా వచ్చి ఆడడం కుదరదు. బాబు మియా బాగా ఆలోచించి సమాయిల్ వాళ్లతో మాట్లాడాడు. రఘుపతి వాళ్లకు, వాళ్ల మొదటి పిక్ బర్కాకు. అందులో రఘుపతికి మేలే జరిగింది, లేకపోతే సమాయిల్‌లో కొత్తవాడిగా ఆ ఏడాదంతా ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. నన్ను ఒక వంతుకు ఇచ్చేసిండ్రా అని అతను చిన్నబుచ్చుకుంటే, నచ్చజెప్పింది కూడా ఇస్తారే. ఊరు మారినా ఆట పోదు కదా అన్నాడు. సామాను పికప్‌లో ఎక్కించి, తన కొత్త దుప్పటి కూడా ఇచ్చి పంపాడు.

అంతవరకు ఎవరి మనసులోనూ కల్మషం లేదు. వజీర్ వచ్చాకే చిక్కు మొదలైంది.

వజీర్ పాకిస్తాన్ నుంచి వచ్చి బర్కాలో ఒక ఖర్జూరపు తోటలో పనికి చేరాడు. ఎదిగీ ఎదగని చెట్ల గెలలను నిచ్చెన లేకుండా అందుకుంటాడని చెప్పుకొనేవారు. ఒకరోజు కోర్టు దగ్గరికి వచ్చి, చెప్పులతోనే రెండడుగులు వేసి బంతిని రింగులో పెట్టి దిగాడు. ఆడుతున్నవాళ్లు ఆట ఆపేసి చూశారు. అతనికి ఈ ఏడాది ఆడే వీలు లేదు. సీజన్ అయ్యాక మొదటి పిక్ ఎవరిదైతే వచ్చే ఏడాదికి అతను వాళ్లవాడు.

ఆ సాయంత్రం బాబు మియా దుకాణం ముందు లెక్క విప్పి చెప్పింది భూమేశ్. జగిత్యాల వాడు, క్రేన్ నడుపుతాడు, ఫోన్‌లో స్కోర్లు చూడనిదే చాయ్ తాగడు.

"సమాయిల్ పిక్ మన చేతిల ఉన్నది. వాళ్లు ఆఖర్న ఉంటే వజీర్ మనోడే. ఇగ మనం గెలుసుడు ఒక్కటే గాదు, వాళ్లు ఓడాలె," అన్నాడు.

అందరూ నవ్వారు. ఇస్తారి కూడా నవ్వాడు. నవ్వుతూనే రఘుపతి గుర్తొచ్చి, గ్లాసులో మిగిలిన చాయ్ పారబోసి లేచిపోయాడు.

ఆ తర్వాత బర్కా వాళ్లకు తమ ఆటకన్నా సమాయిల్ ఆట మీదే ధ్యాస ఎక్కువైంది. తమ జట్టు గెలిచిన రోజు కంటే సమాయిల్ ఓడిన రోజు దుకాణంలో చాయ్ ఎక్కువ అమ్ముడుపోయేది. లీగ్ వాట్సాప్ గ్రూపులో స్కోరు ఆలస్యంగా వచ్చేది కాబట్టి అందరూ ఇస్తారి మీద పడేవారు. రఘుపతికి అతను ఎలాగూ ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. మొదట్లో ఆ ఫోన్లు వంట గురించి, కొత్త రూమ్ గురించి, ఫోర్‌మన్ కోపం గురించి. ఇప్పుడు ఇస్తారి ఫోన్ చెవిన పెట్టుకోగానే చుట్టూ పదిమంది మూగేవారు. అవతల రఘుపతి, ఓడినం అన్నా, నా చెయ్యే సరిగ లేదు అని చెప్పుకొంటుంటే, ఇస్తారి బొటనవేలు కిందికి చూపించేవాడు. మనుషులు చప్పుడు చేయకుండా ఒకరినొకరు కౌగిలించుకునేవారు. ఇస్తారి గొంతులో మాత్రం జాలి ధ్వనించేది. ఆ జాలి నిజమే. లోపల కలిగిన సంతోషం కూడా నిజమే. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో అతనికి అర్థమయ్యేది కాదు. కొన్ని వారాల తర్వాత ఫోన్ పట్టుకుని దూరంగా, గోడ అవతలికి పోయి మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం సమాయిల్ గెలిచింది. రఘుపతి ఆ రోజు తానే ఫోన్ చేశాడు. జట్టంతా తనను భుజాల మీద ఎత్తుకున్నదని, కెప్టెన్ తారిఖ్ తమ ఇంటి నుంచి అన్నం తెప్పించి పెట్టాడని చెబుతుంటే మాటలు తడబడుతున్నాయి. మంచిగైంది తమ్మీ అని ఇస్తారి అన్నాడు. ఫోన్ పెట్టేశాక అద్దంలో చూసుకుంటే తన ముఖం వేలాడిపోయి ఉంది. వండుకున్న కూర ఆ పూట అలాగే ఉండిపోయింది. రఘుపతికి నిజం చెప్పాలని అప్పుడే అనుకున్నాడు. వచ్చే వారం చెబుదాంలే అని వాయిదా వేశాడు. అలా వారాలు గడిచిపోయాయి.

చివరి ఆట సమాయిల్‌లో, బహ్లా జట్టుతో పడింది. రెండూ అట్టడుగునే ఉన్నాయి. ఓడినవాళ్లు ఆఖరు. భూమేశ్ ఒక వ్యాన్ మాట్లాడాడు. వెళ్లి బహ్లా వాళ్ల తరఫున కేకలు వేద్దామని బాబు మియా దుకాణం మూసి మరీ బయలుదేరాడు. ఇస్తారి రానన్నాడు. వ్యాన్ కదిలేముందు మళ్లీ వచ్చి ఎక్కాడు.

కొండల మధ్య కోర్టు. ఎండ వాలుతోంది. వ్యాన్ ఆగగానే రఘుపతి అటువైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి. ఇస్తారిని గట్టిగా పట్టుకుని, ఇంత దూరం నా కోసం వచ్చిండ్రా అన్నాడు. భూమేశ్ చెప్పుల వైపు చూసుకున్నాడు. రఘుపతి వాళ్లను నీడపడిన వైపు కూర్చోబెట్టి, ఖర్జూరాలు, కాఫీ తెచ్చి ఇచ్చాడు. తారిఖ్‌ను పిలిచి, వీళ్లు మా బర్కా వాళ్లు, నన్ను చూడడానికి వచ్చారని హిందీలో గర్వంగా చెప్పుకున్నాడు. తారిఖ్ ఊళ్లో టైర్ల దుకాణం నడిపే ఒమానీ. ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి పోయాడు.

ఆట మొదలైన కాసేపటి వరకు బర్కా వాళ్లు మౌనంగానే ఉన్నారు. బహ్లా వెనకబడుతున్నకొద్దీ బాబు మియా ఉండబట్టలేకపోయాడు. బహ్లా, బహ్లా అని ఒక్క కేక వేశాడు. దాంతో మిగతావాళ్ల గొంతులు కూడా లేచాయి. రఘుపతి పరుగు మధ్యలో ఇటు తిరిగి చూశాడు. వేళాకోళం అనుకున్నట్టు ముందు చిన్నగా నవ్వాడు. తర్వాత ఇక ఇటువైపు చూడలేదు.

బహ్లా పుంజుకుంది. ఆఖరి క్షణాల్లో సమాయిల్ ఒక్క పాయింటు వెనక ఉంది. అప్పుడు బంతి వేయబోతున్న రఘుపతిని బహ్లా వాడొకడు గుద్ది పడేశాడు. గీత దగ్గర నిలబడి అడ్డు లేకుండా వేసుకోవడానికి రెండు బంతులు దొరికాయి. ఒకటి పడితే సమానం, రెండూ పడితే గెలుపు. హాస్టల్ బడి రోజుల నుంచీ రఘుపతికి అది కళ్లు మూసుకుని చేసే పని.

మొదటి బంతి రింగుకు తగిలి బయటికి పోయింది. ఇస్తారికి గుండె తేలికైంది. మరుక్షణం రఘుపతి ముఖం చూశాడు, చూడలేక తల దించుకున్నాడు. రెండోది బోర్డుకు కొట్టుకుని కింద పడిన చప్పుడు మాత్రం విన్నాడు. సమాయిల్ ఓడింది. బర్కా వాళ్లు ఎగిరి గంతేశారు. భూమేశ్ అతని భుజాలు పట్టి ఊపుతున్నాడు.

కోర్టులో సమాయిల్ వాళ్లు రఘుపతి చుట్టూ చేరారు. ఓదార్చడానికి కాదు. తారిఖ్ ఒకసారి అతన్ని, ఒకసారి గంతులేస్తున్న బర్కా గుంపును చూశాడు.

"నువ్వు ఆడింది మా కోసమా, వాళ్ల కోసమా?" అని హిందీలో అడిగాడు.

రఘుపతి అయోమయంగా బర్కా వాళ్ల వైపు తిరిగాడు. అతనికి అసలు సంగతే తెలియదు. పిక్ గురించి మరిచిపోయి చాలా రోజులైంది.

ఇస్తారి అప్పుడు కోర్టులోకి నడిచాడు. అతనికి వచ్చింది పని దగ్గరి హిందీ. ఆ హిందీలోనే, అందరూ వినేలా చెప్పాడు. మీ పిక్ మా దగ్గర ఉంది కాబట్టి, పొడుగాటి కుర్రాడి కోసం మీరు ఓడాలని కోరుకున్నామని, ఇవాళ వచ్చింది కూడా అందుకేనని. ఈ తమ్ముడికి ఇందులో ఏమీ తెలియదని, తెలియకుండా దాచింది తానేనని. ఓడిన ప్రతి వారం ఇతను నా దగ్గర ఏడ్చేవాడు, మీ జట్టు కోసమే ఏడ్చాడు అని కూడా చెప్పాడు.

తారిఖ్ చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. చివరికి రఘుపతి మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, వచ్చే వారం ప్రాక్టీసుకు రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే కదిలారు.

ఇద్దరే మిగిలారు.

"అన్నా, శుక్రారం శుక్రారం నువ్వు ఫోన్ జేసింది గిందుకేనా?" అన్నాడు రఘుపతి.

"మొదట్ల గాదు తమ్మీ."

"తర్వాత?"

ఇస్తారి వ్యాన్ వైపు చూశాడు. రఘుపతి బ్యాగు భుజాన వేసుకుని కొండ వైపున్న క్యాంపు దారి పట్టాడు. తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో ఇస్తారితో ఎవరూ వేళాకోళమాడలేదు. వెళ్లేటప్పుడున్న హుషారు కూడా ఎవరిలోనూ లేదు.

పిక్ రోజు వచ్చింది. బాబు మియా మొదటి వంతుకు వజీర్ పేరు చెప్పాడు. దుకాణం ముందు హల్వా పంచారు. ఇస్తారి అందరితో పాటు తిన్నాడు. రఘుపతి మాత్రం అతని ఫోన్ ఎత్తడం లేదు. ఆట అన్నాక ఇలాంటివి ఉంటాయి, కొన్నాళ్లకు వాడే సర్దుకుంటాడు అని భూమేశ్ సముదాయించాడు. అలా అంటూనే, నువ్వు ఓసారి పోయి రారాదూ అని తానే అన్నాడు. రఘుపతికి ఇష్టమని నిమ్మకాయ తొక్కు డబ్బా ఒకటి తన అరలోంచి తీసి ఇచ్చాడు.

ఆ శుక్రవారం ఇస్తారి జొన్నరొట్టెలు చేసుకుని, మటన్ కూర వండుకుని, షేర్ ట్యాక్సీలో సమాయిల్ పోయాడు. రూమ్‌లో రఘుపతి లేడు. ఎక్కడుంటాడో ఇస్తారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కోర్టులో ఒక్కడే, గీత దగ్గర నిలబడి బంతి మీద బంతి వేస్తున్నాడు. పడనప్పుడల్లా బంతి దూరంగా దొర్లిపోతే తానే వెళ్లి తెచ్చుకుంటున్నాడు.

ఇస్తారి టిఫిన్ డబ్బా గట్టు మీద పెట్టి, రింగు కింద నిలబడ్డాడు. దొర్లివచ్చిన బంతిని రెండు చేతులా పట్టి అతని వైపు విసిరాడు. బంతి వంకరగా పోయింది. రఘుపతి రెండడుగులు పక్కకు జరిగి అందుకున్నాడు. మళ్లీ వేశాడు. ఇస్తారి మళ్లీ అందించాడు. అలా చాలాసేపు సాగింది. ఎండకు ఇస్తారి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పరుగు అలవాటు లేని మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. ఆగలేదు.

"ఎట్ల ఆడుతుండు వజీర్?" అన్నాడు రఘుపతి చివరికి, బంతి మీంచి చూపు తీయకుండా.

"పొడుగుండు గని, ఎవలకు బంతి ఇయ్యడు. అన్నీ తానే ఎయ్యాలంటడు."

రఘుపతికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. నవ్వు అయిపోయాక బంతిని చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"వచ్చే ఏడు బర్కాకూ మాకూ పడ్తదన్నా. అప్పుడు ఎవలకు కేకలేస్తవు?"

నీకే అన్న జవాబు ఇస్తారి నోటిదాకా వచ్చింది. అది చెబితే తమ్ముడు సంతోషిస్తాడు. దాన్ని మింగేసుకున్నాడు.

"బర్కాకే ఏస్త. మీరు ఓడితే నాకు మంచిగనే అనిపిస్తది. నీకు ముందే చెప్తున్న."

రఘుపతి అతన్ని ఎగాదిగా చూశాడు.

"గట్ల చెప్పాలె మరి," అన్నాడు. "ఇగ నడువు, ఆకలైతున్నది. ఏం వండుకొచ్చినవు?"

ఇద్దరూ గోడ నీడలో కూర్చున్నారు. ఇస్తారి డబ్బా మూత తీస్తుంటే, ప్రాక్టీసు కోసం తారిఖ్ కారు వచ్చి ఆగింది. రఘుపతి రొట్టె చేతిలోకి తీసుకుంటూనే, వచ్చి తినమని అతన్ని కేకేశాడు.