గాలిలో ఆడిన కత్తెర

తోలుపట్టీ మీద కత్తిని నాలుగుసార్లు నూరి, గోటిమీద పదును చూసుకున్నాడు శాంతయ్య. ఇరవై రెండేళ్లుగా ఆ జైలుకు మంగలి. పొట్టి మనిషి, వంగిన వీపు, ఎప్పుడూ సబ్బువాసన వేసే చేతులు. అందరి తలలూ పొట్టిగా కత్తిరించాలి. విడుదల నెలరోజుల్లో ఉందనగా మాత్రం కత్తెర ఆపేస్తారు, మనిషి ఇంటికి మనిషిలా వెళ్లాలని. అందుకే ఎవరి తారీఖు ఎప్పుడో వార్డర్లకంటే శాంతయ్యకే బాగా తెలుసు.

తారీఖు లేనిది సారంగపాణి అయివారికి ఒక్కడికే. పాకాలలో లెక్కల పంతులు. పోలీసులు వెతుకుతున్న పాత శిష్యుడొకడు రెండు పూటలు ఆయన ఇంట్లో అన్నం తిన్నాడు. ఎమర్జెన్సీ వచ్చిన కొత్తల్లో అయివారిని పట్టుకొచ్చారు. కేసు లేదు, కోర్టు లేదు, శిక్షా లేదు. పద్నాలుగు నెలలైంది.

"నా జుట్టు ఎప్పుట్నుంచి పెంచనిస్తావప్పా?" అని మొదట్లో నవ్వుతూ అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. అది చూడలేక శాంతయ్య ఒకనాడు కత్తెరను ఆయన చెవిపక్కన ఉత్తగాలిలో ఆడించాడు. ఇక ప్రతి సోమవారం అదే తంతు. జుట్టు మెడమీదికి దిగింది. జైలరు చూసీ చూడనట్టు పోయేవాడు.

ఈ సోమవారం అయివారు గోడనీడలో పీటమీద కూర్చున్నాడు. పెదాలు పాలిపోయాయి. రెండు నెలలుగా ఎదనొప్పి.

"పెద్దాసుపత్రికి పంపలేదా అయివారూ?"

"పైనుంచి కాగితం రావల్లంట శాంతప్పా. రాసినారు. వస్తాదిలే."

"మీరు పోతే నాకు ఎక్కాలు సెప్పేదెవురు?"

"పన్నెండో ఎక్కం దాకా వచ్చినావు గదా, సాలు. మా ఇంటామె పెరుందేవి ఈపొద్దు సూడను వస్తాది. దిగులుపడకుండా నున్నగా గియ్యప్పా."

శాంతయ్య ఒక చెంప గీశాడు. రెండో చెంపకు నురగ పూసేసరికి అయివారి తల గోడకు వాలింది. కునుకు పట్టిందేమోనని కాసేపు ఆగాడు. నురగ ఆరిపోసాగింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

వెంటనే ఎవరినీ పిలవలేదు. చెంపను తడిగుడ్డతో మెత్తబరిచి, మళ్లీ నురగ పూసి, పూర్తిగా గీశాడు. ఆ తర్వాతే వార్డరును పిలిచాడు.

మధ్యాహ్నం పెరుందేవమ్మ వచ్చింది. ఆయన్ను ఆమెకు అప్పగించడానికి పైనుంచి ఏ కాగితమూ అవసరం రాలేదు. ఆమె భర్త చెంప నిమిరింది.

"ఏమన్నా అన్నారా?"

"మీరొస్తారని సెప్పినారమ్మా. నున్నగా గియ్యమన్నారు."

బండి వెళ్లిపోయింది. గేటుగదిలో అరమీద, వచ్చిననాడు విప్పించి చీటీ కట్టిన ఆయన చెప్పులు దుమ్ము పట్టి అలాగే ఉండిపోయాయి; ఎడమకాలిది మడమ దగ్గర బాగా అరిగి ఉంది.