పిండి మాస్టారు అనని మాట

ఈస్టు కణాలతోనే సగం జీవితం కాపరం చేసినవాడు గనక అతన్ని ల్యాబ్‌లో అందరూ పిండి మాస్టారనేవారు. పులిసిన పిండి వాసన అతని కోటుకు ఎంతగా పట్టిందంటే, అతను లిఫ్టు ఎక్కితే పక్కవాళ్ళకు ఆకలేసేది. పనిమంతుడే. ప్రొఫెసర్ పదవి మాత్రం అందినట్టే అంది ఊరిస్తూ వచ్చింది. ఇదే ఆఖరి అవకాశం. ఈసారీ తప్పితే ల్యాబ్ మూసేసి ఆ గదిని పక్కవాళ్ళకిచ్చేస్తారు.

పదవి ఇచ్చే కమిటీ ముందుగా చూసేది సైటేషన్లు. అంటే, ఇంకో శాస్త్రవేత్త తన పేపర్లో మన పేపర్ పేరెత్తి ‘ఫలానావారు ఇలా తేల్చారు’ అని రాసుకోవడం. ఎంతమంది తలుచుకుంటే అంత గొప్ప. మాస్టారిని తలుచుకున్నవాళ్ళు పిడికెడు మంది. ఆ పిడికెట్లో సగం తనే.

అట్లాంటిది, అక్కడి లైబ్రరీలో పనిచేసే బావమరిది ఒక పొద్దున రొప్పుతూ వచ్చాడు. మాస్టారు కుర్రతనంలో రాసి మరిచిపోయిన మూడు పేజీల పేపరొకటి ఇన్నాళ్ళూ అదే పేరున్న వేరెవరి ఖాతాలోనో పడి ఉందట. దాన్ని ఏడొందల మంది తలుచుకున్నారట.

“ఇంక నువ్వు ప్రొఫెసర్‌వే బావా. అక్కకు చెప్పేశాను కూడా.”

మాస్టారు ఉబ్బితబ్బిబ్బై, తనను పొగిడిన పేపరొకటి తెరిచాడు. వేడి తగిలితే ఈ ప్రోటీన్ కణ కేంద్రకంలోకి దూరుతుందని వీరు తిరుగులేకుండా నిరూపించారు, అని ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తను రాసింది దూరదని. ఎంత వేడి చేసినా కదలకుండా బయటే కూర్చుంటుందని. ఇంకో పది తెరిచాడు. అన్నిట్లోనూ దూరింది.

ఇద్దరూ కూర్చుని కూపీ లాగారు. ఎవరో పెద్దమనిషి ఒక పెద్ద వ్యాసంలో, పక్క వాక్యానికి తగిలించాల్సిన మాస్టారి పేరును ఈ వాక్యానికి తగిలించాడు. ఆ తర్వాతివాళ్ళు అసలు పేపర్ తెరిచిన పాపాన పోలేదు. ఆయన్ను చూసి వీళ్ళు, వీళ్ళను చూసి వాళ్ళు ఆ పేరు దించుకుంటూ పోయారు.

“ఒక్కడూ చదవలేదురా?”

“చదివితే ఇంత పేరొచ్చేదా బావా?”

ఏడొందల మంది ‘నువ్వే అన్నావు’ అంటుంటే, అన్నానేమో అనిపించదా? మాస్టారికీ అనిపించింది. డీప్ ఫ్రీజర్లోంచి ఆనాటి ఈస్టునే తీసి, పెంచి, వేడిచేసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. ప్రోటీన్ బయటే ఉంది. హమ్మయ్య అనుకుని టీ తాగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే, వడ్డన మొదలైందని విన్న చుట్టాల్లా ప్రోటీన్ మొత్తం లోపలుంది. కుర్రతనపు ఆత్రంలో అప్పుడు ఆ కాసేపు ఆగలేదు మరి. ఇంకో రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ దూరింది.

ఇక ఎటూ పాలుపోలేదు. తను అన్నది తప్పు. అననిది ఒప్పు. పేరొచ్చింది అననిదానికి. కమిటీ ముందు నోరు మూసుకుని తలాడించి రమ్మన్నాడు బావమరిది. చెప్పినా చెప్పకపోయినా ఏదో ఒకటి తేల్చుకోండి, ఇంట్లో ఈ పచార్లు నేను చూడలేనంది భార్య.

ఇంటర్వ్యూ రోజున కమిటీ అధ్యక్షురాలు ఆయన నిరూపణను తెగ మెచ్చుకుంది. మాస్టారు నిలువుగా ఊపుదామనుకున్న తల అడ్డంగా ఊగింది. ఊగాక ఆపేదేముంది, మొత్తం చెప్పేశాడు. ఒక సభ్యుడు సీలింగ్ ఫ్యాన్ రెక్కలు పరిశీలించసాగాడు. అధ్యక్షురాలు తన ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుక్కుని మూత సగం దించింది. ఏడొందల మందిలో ఆవిడా ఉంది.

“అయితే మీ పేపర్లో అది లేదంటారు?”

“లేదండి. ఉన్నది తప్పు.”

“మరి మేం రాసింది?”

“అది ఒప్పేనండి. మొన్ననే చేసి చూశాను.”

“అంటే నిరూపించింది మీరే కదా.”

“మొన్ననండి.”

“మేం ఏళ్ళ తరబడి రాస్తున్నామే.”

 మాస్టారిని బయట కూర్చోబెట్టారు. లోపల చాలాసేపు గొంతులు లేచాయి, తగ్గాయి, మళ్ళీ లేచాయి. చివరకు పిలిచి పదవి ఇచ్చామన్నారు. మొన్నటి ప్రయోగం మాత్రం త్వరగా అచ్చు వేయించమంది అధ్యక్షురాలు, ఈసారి చదివే తలుచుకుంటామని. ఇంతకీ పదవి ఏ పేపర్‌కిచ్చారని మాస్టారు అడిగాడు. ఆవిడ సభ్యుల వైపు చూసింది. సభ్యులు ఆవిడ వైపు చూశారు.

“అదింకా రాసుకోలేదండీ,” అంది ఆవిడ.

వరండాలోకి రాగానే భార్య ఫోన్. వచ్చిందన్నాడు. దేనికిచ్చారని అడిగింది.

“నేను అననిదానికి,” అన్నాడు. నాలుగడుగులు వేసి, “కాదు, అన్నది తప్పని చెప్పినందుకు,” అన్నాడు. మెట్ల దాకా వెళ్ళి, “లేదు, వాళ్ళు రాసింది ఒప్పని చెప్పినందుకేమో,” అన్నాడు.

“ఇచ్చారా లేదా?”

“ఇచ్చారనే అన్నారు,” అన్నాడు ప్రొఫెసర్ గారు.