రాహుకాలంలో దండయాత్ర

పద్ధెనిమిదేళ్ళుగా నాకొక సందేహం. మనం చేసిన పాపాన్ని నోరులేని జీవి మీదికి నెట్టేస్తే అది ఎవరికి చుట్టుకుంటుంది? ఒకసారి మా ఊరికి పురాణం చెప్పడానికి వచ్చిన శాస్త్రిగారిని అడిగాను. "ఏ జీవి?" అన్నారాయన. "పిల్లి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి "ముందు జరిగింది చెప్పు నాయనా" అన్నారు. చెప్పలేక ప్రసాదం కళ్ళకద్దుకుని వచ్చేశాను.

జరిగింది ఇది. కొత్తపేట దగ్గర మా ఊరి రామాలయంలో నవమి కళ్యాణానికి పీటల మీద కూర్చునే వంతు పద్ధెనిమిది ఇళ్ళది, ఏడాదికొక ఇల్లు. మా ఇంటికి వంతు వచ్చిన ఏడు నాన్నగారు మంచాన ఉన్నారు. "కొడుకైనా కూతురైనా నాకొకటే. ఏ జంట కూర్చుంటుందో మీరే తేల్చుకోండి" అన్నారు. కూతురంటే మా అక్కయ్య భ్రమరాంబ. ఆవిడ భర్త బాలగంగాధరంగారు అప్పట్లో లెక్కల మాస్టారు. కాపురం మా పక్క వీధిలోనే. బావగారూ నేనూ చదరంగంతో తేల్చుకుందామనుకున్నాం. ఓడినవాడు పీటలు వదులుకోవడమే కాదు, వాటిని స్వయంగా కడిగి, పసుపు రాసి, తన చేత్తో వేసి గెలిచినవాణ్ణి కూర్చోబెట్టాలి. అదీ పందెం.

మాఘమాసం చలి. బావగారు అరుగు మీద శాలువా నడుందాకా కప్పుకుని కూర్చున్నారు. మరో మూడు ఎత్తుల్లో నా రాజుకి నూకలు చెల్లుతాయని నాకు తెలిసిపోయింది. అంతే, నా మోకాలు లేచింది. బల్ల బోర్లాపడింది. "పిల్లి! పిల్లి!" అని అరిచాను. మా ఇంట్లో ఒక పిల్లి ఉన్న మాట నిజమే. ఆ మేరకు నేను అబద్ధమాడలేదు.

బావగారు ఒక్క మాట అనలేదు. ఆట చెడిపోయింది కాబట్టి కొడుకునే కూర్చోనిమ్మన్నారు నాన్నగారు. కూర్చున్నాను. కళ్యాణం జరిగినంతసేపూ సీతమ్మవారు రాములవారిని వదిలేసి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

ఇంతకీ బావగారికి తెలుసా, తెలియదా? నా అసలు సందేహం అదే. శాస్త్రిగారిని అడిగింది పైపై ముక్క.

ఈ ఏడు వంతు మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఆయనకి డెబ్భై, నాకు అరవై నాలుగు. ఇంకో పద్ధెనిమిదేళ్ళ సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ సీతారత్నం, అక్కయ్య ఒకే ఆటోలో బండారులంక వెళ్ళి, ఎందుకో ఒకరికొకరు చెప్పుకోకుండా చెరొక పసుపుపచ్చ చీర తెచ్చుకున్నారు. దాంతో విషయం మొగవాళ్ళ చేతుల్లోంచి దాటిపోయింది.

"చదరంగమే ఆడదామంటావా విశ్వనాథం?" అన్నారు బావగారు నవ్వుతూ.

"ఆ బల్ల చెదలు పట్టిందండి."

"కంప్యూటర్లో ఆడండి మామయ్యగారూ. అక్కడ బల్ల పడదు" అంది మా కోడలు హిమజ. నేను ఉలిక్కిపడ్డాను. పిల్ల ముఖంలో ఏమీ కనబడలేదు.

హిమజ ఇంట్లోంచే హైదరాబాదు కంపెనీకి ఉద్యోగం చేస్తుంది. మధ్యాహ్నం ఖాళీ దొరికితే చెవులకి డిప్పలు పెట్టుకుని స్నేహితులతో ఆడుతుంది. మొదటిసారి ఆ పిల్ల "కట్టెలు లేవు, కట్టెలు కొట్టండి త్వరగా!" అని కేకలేస్తుంటే, గ్యాసు అయిపోయిందేమోనని నేను దొడ్లోకి పరిగెత్తాను. రియల్ టైం స్ట్రాటజీ అంటారట ఆ ఆటల్ని. మొదట ఒక చిన్న ఊరూ, నలుగురు మనుషులూ ఇస్తారు. చుట్టూ చీకటి. మనిషిని పంపిన మేరకే వెలుగు. కట్టెలు కొట్టించాలి, రాయి తవ్వించాలి, పొలం దున్నించాలి, కోట కట్టి సైన్యం తీర్చి ఎదుటివాడి కోట పడగొట్టాలి. వంతులుండవు. మనం గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తుంటే అవతలివాడు ఆగడు.

నవమికి ముందు వచ్చే ఆదివారం పోటీ అనుకున్నాం. ఇద్దరికీ పదిరోజులు హిమజే గురువు. పొద్దున్న నాకు, సాయంత్రం ఆయనకి.

"ముందు ఆ గొర్రెల్ని కోయించాలండి మామయ్యగారూ. మొదట్లో తిండి అదే" అంది మొదటి రోజు.

"మన ఇంటావంటా లేదమ్మా!"

"బొమ్మలండీ అవి."

"బొమ్మలైతే మాత్రం, నా ఊళ్ళోవి కావూ?"

కాబట్టి నా ప్రజలు పొదల్లో పళ్ళు కోసుకుని, వరి పండే దాకా కడుపు మాడ్చుకునేవారు. గొర్రెలు కోట చుట్టూ దర్జాగా తిరిగేవి. మూడో రోజు ఇద్దరం ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఆడిన అభ్యాసం ఆటలో ఒక్క గొర్రె లేదు. బావగారి మనుషులు వచ్చి తోలుకుపోయారట.

"కోసేరా బావగారూ?" అని ఫోన్ చేసి అడిగాను.

"ఛ ఛ, నేనెందుకు కోస్తానయ్యా! మా ఊళ్ళోవాళ్ళేమైనా కోసుకున్నారేమో. నేనటు చూడలేదు."

వారం తిరిగేసరికి మా ఇంట్లో ఈ ఆట మీద చర్చ లేకుండా కాఫీ దిగేది కాదు. నాకు బాగా నచ్చింది ఊరు పెరగడం. కొబ్బరి దింపు మనిషి కోసం నేను నాలుగు రోజులు తిరుగుతాను. ఇక్కడ ఒక్క నొక్కు నొక్కితే తలూపి పనిలోకి వెళతాడు. పావుగంటలో వరి కోతకొస్తుంది. ఏ రైతుకి చేదు? నచ్చనిది తొందర. బుర్ర ఉన్నవాడి కంటే వేళ్ళు ఆడేవాడు గెలుస్తాడు. హిమజ స్నేహితులు మొదటి అయిదు నిమిషాలూ ఏది ముందు, ఏది వెనక అని మా తాతగారు వేదంలో పనసలు వల్లె వేసినట్టు వల్లిస్తారు. అంత వల్లె వేశాక ఇక వ్యూహమేమిటి?

బావగారికి తొందరే ఇష్టం. నాలుగు ఈటెలు చేతికి రాగానే వచ్చి పడిపోతారు. ఆయన బాధ వేరు. "చెప్పిన చెట్టు కొట్టేసి నిలబడిపోతాడేమిటే అమ్మా వీడు! పక్క చెట్టు కనబడదూ? ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పేను, ఇలాంటివాళ్ళని క్లాసుకి ఇద్దర్నే చూసేను. ఇక్కడ ఊరంతా వాళ్ళే!"

"నాకదే ఇష్టమండి పెద్దమామయ్యగారూ" అంది హిమజ. "అన్నీ ఒకేసారి చూసుకోవాలి. యుద్ధం చూస్తే ఇల్లు ఖాళీ, ఇల్లు చూస్తే యుద్ధం పాయె. అందులోనే ఉంది మజా. నాకు నచ్చనిదల్లా ఓడిపోతున్నామని తెలియగానే వైరు పీకేసి, కరెంటు పోయిందని చెప్పేవాళ్ళు."

నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

సీతారత్నం గుమ్మంలోంచి అంది: "ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద పాలు, వీధిలో కూరలబండి, దేవుడి గదిలోంచి 'హారతికి కర్పూరమేదీ' అని మీ కేక. నలభయ్యేళ్ళుగా ఆడుతున్నానమ్మా ఈ ఆట. నాకెవరూ పీటలు పందెం కాయలేదు."



ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి మా హాల్లో ఆట మొదలైంది. ఒకరి తెర ఒకరికి కనబడకుండా హిమజ మధ్యలో దుప్పటి కట్టింది. అటు బావగారు, పక్కన అక్కయ్య. ఇటు నేను, సీతారత్నం.

"తెర కట్టేరు, బాగానే ఉంది. జీలకర్రా బెల్లమూ ఏవిరా విశ్వం?" అంది అక్కయ్య అటునుంచి.

"కోట పడ్డాక పెడతాలే అక్కయ్యా."

నాకిచ్చింది పాత లాప్‌టాప్. దాని బ్యాటరీ చచ్చిపోయింది. వైరు ఊడితే ఆట ఆరిపోతుంది. ఆ వైరు సరిగ్గా నా కాళ్ళ మధ్యనుంచి గోడలోకి వెళ్ళింది. హిమజ కావాలనే అలా పెట్టిందా అని నాకిప్పటికీ అనుమానమే.

బావగారు అలవాటు ప్రకారం పదో నిమిషంలో వచ్చి పడ్డారు. నేను ముందే గోడ కట్టి ఉంచాను. గోడ బయట ఆయన మనుషులు అరిచి అరిచి పోయారు. ఈలోగా నా వరి పండింది. ఆయన పొలాలు మళ్ళీ విత్తేవాడు లేక ఎండుతున్నాయని అటునుంచి వినబడుతున్న విసుగే చెప్పింది. నాలుగూ ఇరవై అయిదుకి నా దగ్గర నలభైమంది సైనికులు, ఆరు ఏనుగులు.

"ఇప్పుడే మామయ్యగారూ! పంపించేయండి, అయిపోతుంది" అని చెవిలో చెప్పింది హిమజ, వెనక్కి వచ్చి.

పంపించాను. ఆరు ఏనుగులూ ఒకేసారి నా కోట గుమ్మంలోనే దూరి ఇరుక్కున్నాయి. ఇదీ నాకు ఈ ఆటలో మొదటినుంచీ గిట్టని సంగతి. ఎంత గొప్ప సైన్యమైనా సొంత గుమ్మం దగ్గరకొచ్చేసరికి పెళ్ళి బంతికి ఎగబడే జనమైపోతుంది. ఒక్కొక్కదాన్నీ వెనక్కి తీసి, దారి సర్ది, మళ్ళీ గుమ్మం వైపు తిప్పి, గోడ గడియారం చూశాను. నాలుగూ ముప్ఫై ఒకటి.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరుదాకా రాహుకాలం.

"ఆగండి" అన్నాను ఏనుగులతో. గుమ్మం మూసేశాను.

"ఏమైందండీ?" అంది హిమజ.

"రాహుకాలంలో గుమ్మం దాటకూడదమ్మా. ఆరింటికి బయల్దేరతాం."

"ఆరింటిదాకా పెద్దమామయ్యగారు ఊరుకుంటారా?"

"ఆయనకీ తెలుసు రాహుకాలం. ఆయనా కదలరు. నువ్వు కంగారుపడకు."

సీతారత్నం చీర చెంగుతో నుదురు తుడుచుకుంది.

నాలుగూ నలభైకి నా కోట వెనక గోడ దడదడలాడింది. బావగారి సైన్యం మొత్తం అక్కడుంది. నా ఏనుగులన్నీ ముందు గుమ్మం దగ్గర బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"బావగారూ! రాహుకాలమండీ!" అన్నాను, దుప్పటి మీదుగా.

"ఆయ్, తెలుసు."

"తెలిసీ ఎలా బయల్దేరేరు?"

"ఇప్పుడెక్కడ బయల్దేరేనయ్యా? నాలుగింటికే ఒక గుర్రాన్ని పొలిమేర దాటించి చెట్టు కింద నిలబెట్టేను. ప్రస్థానం!"

మంచి వేళలో బయల్దేరడం కుదరకపోతే, ఆ వేళకి ఒక సంచీ అయినా గుమ్మం దాటించి బయట పెట్టించేవారు మా నాన్నగారు. సంచీ దాటితే మనిషి దాటినట్టే. నా నలభైమందిలో ఒక్కణ్ణి ముందుగా బయట పెట్టాలని నాకెందుకు తోచలేదు? శాస్త్రం ఆయన పక్షాన ఉంది. నేను ఏనుగుల్ని వెనక్కి తిప్పబోతే అవి మళ్ళీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇళ్ళ మధ్య ఇరుక్కున్నాయి.

కోట కాలుతోంది. ఇంకో రెండు నిమిషాలు. నా కుడి పాదం దానంతటదే కదిలింది. బొటనవేలికి వైరు తగిలింది. మనసులో రామనామం అనుకుని పాదం వెనక్కి తీసుకున్నాను. పద్ధెనిమిదేళ్ళకి ఒక్క మంచి పని చేశానని అనుకుంటున్నాను, ఇంతలో వైరు కదిలింది.

వంగి చూశాను. పిల్లి! అప్పటిదాని మనవరాలో, మునిమనవరాలో. వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళతో వైరు పట్టుకుని లాగుతోంది. ప్లగ్గు సగం ఊడింది.

ఇప్పుడు ఊడితే "పిల్లి" అని ఏ నోటితో చెప్పను? ఎవరు నమ్ముతారు? రెండు చేతులూ మౌస్ మీదనుంచి తీసేసి, బల్ల కిందకి దూరి, పిల్లిని పట్టుకుని, ప్లగ్గు మోకాలితో లోపలికి నొక్కి, పైకొచ్చి కూర్చున్నాను. పిల్లి నా ఒళ్ళో గింజుకుంటోంది. రెండు చేతులతో దాన్ని అదిమిపట్టుకుని, నా కోట పూర్తిగా కూలేదాకా కదలకుండా చూశాను.

"నేను ఓడిపోయేనండి బావగారూ" అన్నాను.

ఆయన దుప్పటి పక్కకి లాగి, నన్నూ నా ఒళ్ళో పిల్లినీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఈసారి నీ ఒళ్ళో ఉందన్నమాట" అన్నారు.

"అంటే?"

"ఆ రోజు నా ఒళ్ళో ఉందయ్యా. శాలువా కింద."

పిల్లి నన్ను గీరింది.

"మరి అప్పుడే అనలేదేమండీ?"

"అప్పుడే నిద్రపోయింది పాపం. నీ కోసం దాన్ని లేపడమెందుకని."

నేను సీతారత్నం వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

"ఆ రోజు గుమ్మంలోనే ఉన్నానుగా. మీ మోకాలు చూసేను."

"నువ్వైనా చెప్పలేదేం?"

"చెబితే నేను పీటల మీదెలా కూర్చునేదాన్ని?"

అక్కయ్య నవ్వుతూ నవ్వుతూ దగ్గు తెచ్చుకుంది. హిమజ మంచినీళ్ళకని లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు.

నవమి నాడు తెల్లవారుతూనే కోవెల బావి దగ్గర పీటలు రెండూ కొబ్బరిపీచుతో తోమి కడిగాను. పసుపు రాశాను. ముగ్గు సరిగా రాకపోతే సీతారత్నం వచ్చి సరిదిద్దబోయింది. వద్దన్నాను, నా చేత్తోనే పెట్టాలి. మండపంలోకి మోసుకెళ్ళి, దేవుడికెదురుగా పక్కపక్కనే వేశాను. అక్కయ్య కొత్త చీర కట్టుకుని వచ్చింది. వెనకాల విసనకర్ర పట్టుకుని నిలబడ్డ సీతారత్నానిదీ పసుపుపచ్చ చీరే.

బావగారు పీటని ఒక్కసారి చేత్తో కదిపి చూశారు. "కుదురుగానే ఉందా విశ్వనాథం? పిల్లి వస్తే?"

"రాదండి. పొద్దున్నే పాలు పోసి వచ్చేను. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు.